కొండల కోసం కొన్న అద్దం

ఆ రోజుల్లో మా తాలూకాలో ఎవరి వాకిట్లోనైనా నేను దిగానంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు లేకపోలేదు. కాని వాళ్లు మార్కాపురం బజారులో దుకాణాలున్నవాళ్లు, ఏడాదికి ఏ ఒకటి రెండిళ్లో. పల్లెల్లో మాత్రం బతికున్న మనిషికి ఫోటో ఎందుకనేవాళ్లు. కళ్లెదుట తిరిగే మనిషిని కాగితం మీద చూసుకోవడం ఏం ముచ్చట? ప్రాణం పోయాక మాత్రం నాకోసం మనిషిని పరిగెత్తించేవాళ్లు. నేను చేరేసరికి శవానికి స్నానం చేయించి, ఉతికిన బట్టలు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా పైపంచెతో వెనక్కి కట్టి ఉంచేవాళ్లు. పక్కన పెళ్లాం పిల్లలు నిలబడేవాళ్లు. కదలొద్దని నేను అందరికీ చెప్పేవాణ్ణి. ఆ మాట చెప్పనక్కరలేనివాడు ఒక్కడే, పటంలో అందరికంటే స్పష్టంగా పడేదీ వాడే.

అందుకని ముక్కాలి స్టాండు భుజాన వేసుకుని దారిన పోతుంటే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్లు. బేస్తవారిపేట సంతలో ఒక ముసలామె నన్ను చూసి గంప అక్కడే దించి వెనక్కి పోయింది. నాకు మండుకొచ్చేది. చంపేది నేనా? పిలిస్తే పోయేవాణ్ణి. అయినా ఎవరితో వాదిస్తాం? పని నుంచి ఇంటికొచ్చిన రోజు నాకు అన్నం సయించేది కాదు. చేతులకు సాంబ్రాణి వాసన ఎంత కడిగినా పోయేది కాదు.

ఆ కెమెరా మొదట నాది కాదు. మిషన్ బంగళాలో ఉండిన దొర దగ్గర నేను కొన్నేళ్లు నౌకరీ చేశాను. ఆయన సీమకు పోతూ పోతూ చెక్కపెట్టె కెమెరా, నల్లగుడ్డ, పటాలు కడిగే తొట్లు నాకిచ్చి పోయాడు. దానికున్న లెన్సు, మా ఊళ్లో అద్దమనేవాళ్లు, ముఖాలు తీసే రకం, బరువైన ఇత్తడి గొట్టం. మనిషిని దగ్గర కూర్చోబెడితే మశూచి మచ్చలు లెక్కపెట్టుకోవచ్చు, అంత బాగా తీసేది. కొండను చూపిస్తే మాత్రం దానికి చేతకాదు. ఒకసారి కంభం చెరువు కట్ట మీద స్టాండు పాతి, నల్లగుడ్డలో తల దూర్చి వెనక మసకగాజు మీద చూశాను. రెండు కొండల మధ్య అంత చెరువుంటే ఆ గాజు మీద పడింది బిందెడు నీళ్లు, ఇంత కట్ట ముక్క. నల్లమల మొత్తం పక్కకు పోయింది. ఆ రోజే అనుకున్నాను, వెడల్పుగా చూసే లెన్సు ఒకటి కొనాలని.

చెన్నపట్నంలో ఊళ్ల దృశ్యాలు కార్డుల మీద అచ్చువేసి అమ్మే దుకాణం ఒకటుందని దొర చెప్పి ఉన్నాడు. వాళ్లకు కొండలూ చెరువులూ పంపగలిగితే శవాల ఇళ్లకు పోయే పని తప్పుతుంది. నాకు కావలసింది అంతే. ఎప్పుడూ చావని వాటిని తీసి బతకాలి.

లెన్సులమ్మే కొట్టుకు జాబు రాస్తే లావుపాటి జాబితా పంపారు. దాన్ని పట్టుకుని నేనూ మా బావా ఎన్ని సాయంత్రాలు అరుగు మీద కూర్చున్నామో. బావ అంటే మా అక్క మొగుడు. ఊరికి ఆవల పలకల గనిలో మేస్త్రీ. బళ్లో పిల్లలు రాసుకునే పలకలకు రాయి అక్కడినుంచే పోయేది. ఆదివారం మా చర్చిలో పాట ఎత్తేది ఆయనే. శకునాలంటే ఆయనకు నవ్వు. నన్ను చూసి దారి మళ్లే ఊళ్లో, ఎదురొచ్చి భుజాన స్టాండు అందుకునేవాడు ఆయన ఒక్కడే.

జాబితాలో మొదట జర్మనీ సరుకు. మూలలదాకా సూదిలా తీస్తుంది, తిన్నని గీతను తిన్నగా ఉంచుతుంది. ధర చూసి బావ ఈల వేశాడు. ఆ డబ్బుకు మంచి ఎద్దుల జత వస్తుంది. తరువాతది దూరాన్ని దగ్గరికి లాగే పొడుగు లెన్సు. దానికి లెన్సును ముందుకు జరిపే నా కెమెరా తోలుతిత్తి సాగినంత సాగదీసినా చాలదు. చివర్న, వాడిన సరుకు కింద, పాతకాలపు ఒంటి గాజు లెన్సు ఉంది, ముందు చిన్న బెజ్జం ఉన్న రేకుతో. దాన్ని గురించి విడిగా అడిగాను. కొట్టువాళ్లు నిజాయితీగానే రాశారు. వెడల్పుగానే చూస్తుందట గాని ఇది కొండలకూ చెట్లకూ మాత్రమేనట, భవనాలకు పనికిరాదట. అంచుల దగ్గర నిలువు గీతలు కొంచెం బయటికి వంగుతాయట. బెజ్జం చిన్నది కనుక మూత తీసి చాలాసేపు ఉంచాలట.

నేను నసిగాను. కొనేటప్పుడు జర్మనీది చూసిన కళ్లకు ఇంకోటి ఆనదు. బావ మాత్రం తేల్చేశాడు.

"కొండలో తిన్నని గీత యాడుంది? పోతే పోనీ. చాలాసేపు పడితే ఏమైతది, కొండ కదిలేదా ఏంది?"

నాకూ అదే సబబనిపించింది. ఈ రోజు ఎవరైనా తక్కువ డబ్బులో కొండలు తీసే లెన్సు అడిగితే నేనూ అదే చెబుతాను. కదలనిదాన్ని తీయడానికి వేగం దండగ, ఆ డబ్బు వెడల్పు మీద పెట్టు. గాజులో బుడగ ఉంటే భయపడకు, గీత ఉంటే వెనక్కి పంపు. ఇవన్నీ సరైన మాటలే. సరైన మాటలతోనే నేను దాన్ని కొన్నాను.

అయితే ఆ పాతదానికి కూడా నా దగ్గర చాలలేదు. ముఖాల లెన్సును నంద్యాల్లో ఒక స్టూడియోకు అమ్మితే సరిపోతుంది. రెండూ ఉంచుకునే స్తోమత లేదు. అమ్మే ముందు బావను ఒక్క పటం తీస్తానన్నాను. ఆయన ఒప్పుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చి వాకిట్లో కుర్చీ కూడా వేసుకున్నాడు. లోపలినుంచి మా అక్క చేతిలో గరిటెతోనే వచ్చింది. ఆమె కూడా చర్చికి పోయే మనిషే, కాని భయానికి మతమేముంది.

"ఆ అద్దం ముందు ఇంతవరకు కూర్చున్నోళ్లంతా పీనుగులే. నా మొగుణ్ణి కూర్చోబెట్టొద్దురా. కొత్తదొచ్చినాక తీద్దువులే" అంది.

బావ పకపకా నవ్వాడు. కుర్చీ మాత్రం మడిచి లోపల పెట్టాడు. ఆమెను బాధపెట్టడం ఎందుకని నాతో మెల్లగా అన్నాడు. మర్నాడు ఆ లెన్సు నంద్యాల రైలెక్కింది.

కొత్తది పార్సిల్లో స్టేషనుకు వచ్చింది. దాన్ని కెమెరాకు బిగించి కంభం కట్ట మీదికి మళ్లీ పోయాను. నల్లగుడ్డలో తల దూర్చాను. చెరువు చెరువంతా వచ్చింది, వెనక నల్లమల వరుసలు వరుసలుగా వచ్చింది. ఆ ఒక్క రోజు నేను పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. ఇంటికొచ్చి అక్క పెట్టింది పెట్టినట్టు తిన్నాను. నా చేతులకు ఏ వాసనా లేదు.

ఆ ఊపులో ఒక బుద్ధి తక్కువ పని చేశాను. మా చర్చిని తీశాను. రెండు పక్కల గోడలూ బయటికి ఉబ్బి, చర్చి నీళ్లకుండలాగా పడింది. ఆదివారం ఆ పటం చేతులు మారింది. ఊరంతా నవ్వింది. అమ్మినవాళ్లు నా నెత్తిన టోపీ పెట్టారని పిల్లలు కూడా అన్నారు. ఆనాటినుంచి నేను వంకర అద్దం వాణ్ణి. బావ కూడా ఆటపట్టించేవాడు. నాకు ఉక్రోషం వచ్చి ఆ అద్దం గీతలు వంచుతుందని, అది దాని గుణమని, కొండలకైతే ఫరవా లేదని కనబడినవాడికల్లా నేనే విడమరిచి చెప్పాను. అంత బాగా చెప్పకపోయినా పోయేది.

వానాకాలం ముందు గని షావుకారు కబురు పెట్టాడు. గని మొత్తం ఒక్క పటంలో రావాలట, చెన్నపట్నం వర్తకులకు చూపించాలట. వెడల్పు లెన్సు నా దగ్గరే ఉంది కదా. బయానా చేతిలో పెట్టాడు.

ఆ రోజు పొద్దున్నుంచే మబ్బు. గాలి లేదు. నేను గని అంచున స్టాండు పాతేసరికి కింద సమ్మెట చప్పుళ్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పనివాళ్లు నన్ను చూశారు. గడ్డపారలు అక్కడే వదిలి, తలగుడ్డలు మొహానికి అడ్డం పెట్టుకుని నిచ్చెన ఎక్కి నా పక్కనుంచే, నన్ను తాకకుండా పోయారు. బావ పిలిచినా ఆగలేదు. చివరికి ఆ పెద్ద గుంటలో ఆయన ఒక్కడే మిగిలాడు. ఎడమవైపు నల్లటి రాతిగోడ కింద, గడ్డపార భుజాన పెట్టుకుని, తీయమన్నట్టు చెయ్యి ఊపాడు. మసకగాజు మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. గని పైన ఉంది, ఆకాశం కింద ఉంది, బావ ఆ గోడకు వేలాడుతున్నట్టు కనిపించాడు. మూత తీసి, లెక్కపెట్టి, మూశాను.

ఇంటికొచ్చి చీకటిగదిలో గాజు ప్లేటు కడిగాను. కాగితం మీద అచ్చు తీసి ఎండలోకి తెచ్చి చూస్తే మొదట గర్వపడ్డాను. గని అంతా వచ్చింది. తరువాత ఎడమ అంచున గోడ మీద నా కన్ను ఆగింది. నడుము దగ్గర గోడ ఉబ్బి ఉంది. నా అద్దం పనే అనుకుని కాగితం కింద పెట్టబోయాను. మళ్లీ ఎత్తాను.

నా అద్దానికి గీతను బయటికి వంచడమే తెలుసు. చర్చి గోడలు రెండూ బయటికే ఉబ్బాయి. ఈ గోడ పటం ఎడమ అంచున ఉంది. అద్దం వంచితే పొట్ట ఎడమకు, కొండ వైపుకు పోవాలి. ఇది కుడికి వచ్చింది, గనిలోకి, బావ తల మీదికి. కెమెరా ఎత్తుకుని బడి దగ్గరికి పోయి, తిన్నని ద్వారబంధాన్ని పటం ఎడమ అంచుకు పెట్టి చూశాను, కుడి అంచుకు పెట్టి చూశాను. రెండు సార్లూ బయటికే వంగింది. ఒక్కసారి కూడా లోపలికి వంగలేదు. అంటే అద్దం చూపించిన దానికంటే ఆ గోడ ఇంకా ఎక్కువే వంగి ఉందన్నమాట.

కింద నిలబడ్డవాడికి అది కనబడదు. వాడికి కనబడేది ముక్కు ముందున్న రాయి. ఆ రాయి ఏ ఏడు ఎట్లా ఉండిందో కొట్టేవాడికి ఏం గుర్తుంటుంది? పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. పైన వాన పడి పొరల మధ్యకు నీళ్లు దిగితే గోడ జారుతుందని మా ఊళ్లో అందరికీ తెలుసు.

బావ దగ్గరికి పటం తీసుకుపోయాను. ఆయన అన్నం తింటున్నాడు. ఎడంచేత్తో అందుకుని చూసి, అక్కకు చూపించి నవ్వాడు.

"పొట్ట చూస్తే మా గని కూడా నీళ్లాడి బిడ్డను కనేటట్టుందే. నీ అద్దం వంకర బామ్మర్దీ. నువ్వే కదా చెప్పినావు."

ఎడమ, కుడి అని నేను మొత్తుకున్నాను. అన్నం మెతుకులతో నేల మీద గీసి చూపించాను. ఆయనకు నా మీద ప్రేమే గాని ఆ లెక్క మీద గురి కుదరలేదు. అక్క మాత్రం పటం వైపు చూడకుండా మొహం తిప్పుకుంది. షావుకారు దగ్గరికి పోయాను. ఆయనకు నవ్వు కూడా రాలేదు. సరుకు చెడగొట్టి కట్టుకథ చెబుతున్నానని, ఇంకో పటం తీయకపోతే బయానా వెనక్కి ఇవ్వమని అన్నాడు. తాడుకు రాయి కట్టి గోడ పైనుంచి వదిలి చూపిద్దామన్నాను. గని గోడ ఇంటి గోడా, ఎక్కడో ఒకచోట ముందుకు రాకుండా ఉంటుందా, పోపొమ్మన్నాడు.

ఆ మధ్యాహ్నం నాకు నా మీద, నా అద్దం మీద, ఊరి మీద కోపం వచ్చింది. నిజం చెబితే ఎవడూ నమ్మడు. సరే, వీళ్లు నమ్మేది ఒకటుంది కదా అనుకున్నాను. మర్నాడు పొద్దు పొడవకముందే గని అంచుకు పోయి, నిచ్చెన పక్కనే స్టాండు పాతి, కెమెరా ఎక్కించి, నల్లగుడ్డ కప్పుకుని నిలబడ్డాను. ప్లేటు కూడా పెట్టలేదు. పనివాళ్లు వచ్చారు, నన్ను చూశారు, నిచ్చెన దిగలేదు. రాళ్లదిబ్బ మీద కూర్చుని బీడీలు కాల్చుకుని ఇళ్లకు పోయారు. ఆ మర్నాడూ అంతే. ఇన్నాళ్లూ నన్ను ఏడిపించిన ఆ భయం మొదటిసారి నాకు ముద్దొచ్చింది.

షావుకారు చిందులు తొక్కాడు. నన్ను తోలేయడానికి మనుషుల్ని పంపితే ఆ మనుషులు కూడా నా దగ్గరికి రాలేదు. అప్పుడు మేస్త్రీకి కబురు పెట్టాడు. రేపటికి గని నడవకపోతే యర్రగొండపాలెం వైపునుంచి వేరే ముఠాను దించుతానని.

ఆ సాయంత్రం పెద్ద వాన పడింది. తెల్లారి నేను పోయేసరికి గని అడుగున నీళ్లు నిలిచాయి. గోడ తడిసి నిగనిగలాడుతోంది. పనివాళ్లు ఎప్పటిలాగే దిబ్బ మీద కూర్చున్నారు. బావ వచ్చాడు. మొహంలో నవ్వు లేదు. అంత కోపం ఆయనలో నేనెన్నడూ చూడలేదు.

"వీళ్లకు ఇన్నేళ్లుగా చెప్తావున్నా, శకునం లేదు, ఏం లేదు, దేవుడొక్కడే అని. నువ్వొచ్చి దయ్యం లెక్క నిలబడినావు. నా బామ్మర్దివే."

"దయ్యం కాదు బావా. గోడ" అన్నాను. "నీకు దండం పెడతా, ఈ పూటకు దిగొద్దు."

"నేను దిగి పైకొస్తే వీళ్ల భయం పోతది. నువ్వు పటం తీస్తావుండు. పైకొచ్చి చూసుకుంటా."

చెయ్యి పట్టుకున్నాను. విదిలించలేదు, మెల్లగా విడిపించుకున్నాడు. దిబ్బ మీది వాళ్లందరూ వినేటట్టు పాట ఎత్తుకుని నిచ్చెన దిగాడు. నేను బావా బావా అని అరుస్తూనే ఉన్నాను. ఆయన నీళ్లలో నడిచి గోడ దగ్గరికి పోయి, నా వైపు తిరిగి, ఆ రోజు నిలబడినట్టే గడ్డపార భుజాన పెట్టుకుని నిలబడ్డాడు. పైనుంచి పెంకులు రాలినట్టు సన్నటి చప్పుడైంది. ఆయన పాట ఆపి తల ఎత్తాడు. గోడ నడుము దగ్గర విరిగి ముందుకు వచ్చేసింది.

కదలదన్న కొండ కదిలింది. దుమ్ము కూడా లేవలేదు, అంతా తడి.

కొన్నాళ్లు తవ్వారు. వానలు ఆగలేదు, గని నిండిపోయింది, షావుకారు తవ్వకం ఆపించాడు. అంచున నిలబడి ప్రార్థన చేశాము. సమాధి లేదు. తాలూకాలో పోయినవాళ్లందరికీ ఆఖరి పటం తీసినవాణ్ణి, మా బావకు తీయడానికి ఏమీ దొరకలేదు. షావుకారు మనిషి వచ్చి, బయానా ఇచ్చిన సరుకు తనదని గని ప్లేటు పట్టుకుపోయాడు. దాన్ని షావుకారు గుమ్మం ముందే రాతికేసి కొట్టారని తరువాత విన్నాను.

దిబ్బ మీద కూర్చుని బతికినవాళ్లు ఏం చెప్పుకున్నారో తెలుసా? వాడు ఫోటో తీసినాడు, మేస్త్రీ పోయినాడు అని. తమను దిగకుండా ఆపిందెవరో వాళ్లలో ఒక్కడికీ తట్టలేదు. ఇప్పటికీ వాళ్ల పిల్లలు అదే చెబుతారు. నాకు ఒళ్లు మండుతుంది. మండి ఏం లాభం?

నెల తిరిగాక పెట్టిన ప్రార్థన కూడిక అయిపోయాక అక్క నన్ను పక్కకు పిలిచి ఆ గని పటం అడిగింది. నా దగ్గర మిగిలింది ఆ అచ్చు ఒక్కటే. ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు వెతికింది. ఎడమ గోడ కింద జొన్నగింజంత బావను నేనే వేలుపెట్టి చూపించాను.

"ముఖం కానరాలేదురా. దీన్నే పెద్దది చేసి ఇయ్యి" అంది.

కుదరదన్న మాట ఆమెకు నేనెట్లా చెప్పను? ముఖాలు తీసే లెన్సు నంద్యాల్లో ఉంది. ఇది కొండల కోసం కొన్నది. ఆమె నా మొహం చూసి అర్థం చేసుకుని, ఇక అడగలేదు. ఆ రోజు గరిటె పట్టుకుని వచ్చి కుర్చీ తీయించిన సంగతి మేమిద్దరం ఎన్నడూ ఎత్తలేదు.

అక్క ఆ పటాన్ని గోడకు తగిలించకుండా పెట్టెలో పెట్టుకుంది. ఇంటికి ఎవరొచ్చినా తీసి, ఇదిగో మా ఆయన అని వేలు పెట్టి చూపించేది. మనవలకు చూపించింది, మనవరాళ్ల మొగుళ్లకు చూపించింది. అన్నేళ్లు ఒకే చోట వేలు పడి పడి అక్కడ కాగితం అరిగి తెల్లబడింది. ఆమె పోయాక పెట్టె నాకు వచ్చింది. ఎండలోకి తెచ్చి చూశాను. ఇప్పుడా పటంలో గోడ ఒక్కటే ఉంది.